అవ్వ బొటనవేలు పెట్టిన గుంట

ముందు శుభవార్త. నేను డిగ్రీ పాసయ్యాను! ఫస్ట్ క్లాసు! మా ఇంట్లో, నాయిన వైపు గానీ అమ్మ వైపు గానీ, డిగ్రీ పట్టా చేత్తో పట్టుకున్న మొదటి మనిషిని నేనే. శామీర్‌పేట చెరువులో వల వేసే ఇంటి పిల్ల మూడేళ్ళు మేడ్చల్ బస్సెక్కి, దిగి, చివరికి నల్లగౌను వేసుకుని స్టేజి ఎక్కింది. మీరు అడగకపోయినా చెప్తున్నాను, ఏమనుకోకండి. కనబడిన వాళ్ళందరికీ ఇలాగే చెప్తున్నాను.

కానీ ఈ పట్టా వెనకాల ఒక జబ్బు ఉంది. అది గాలిలోంచి రాలేదు, నీళ్ళలోంచి రాలేదు. నేనే ఇంటికి తెచ్చాను. చిన్న తెల్లడబ్బాలో, మూత పెట్టి. ఒక దశలో నేను పరీక్షలు రాస్తానా అన్నదే కాదు, అసలు నా కిడ్నీలు మిగులుతాయా అన్నది కూడా తెలియలేదు. ఇప్పుడు గండం గడిచింది కాబట్టి కూర్చుని రాస్తున్నాను. రాస్తుంటే ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

ఆగస్టు

ఫైనలియర్ బీఏలో మాకు ప్రాజెక్టు ఉంటుంది. నేను తీసుకున్న అంశం సీరియళ్ళలో నల్లటి ఆడవాళ్ళు. రోజూ సాయంత్రం అవ్వ పక్కన నోట్‌బుక్ పట్టుకుని కూర్చునేదాన్ని. అవ్వ అంటే నాయిన తల్లి. రోడ్డు పక్కన చేపలు అమ్మి మమ్మల్ని పెంచింది. తెర మీదకు నల్లటి ఆడమనిషి రాగానే ఆమె పనిమనిషా, చేతబడి చేసేదా, నవ్వించడానికి వచ్చిందా అని రాసుకునేదాన్ని. ఒక సీరియల్లో మాత్రం నల్లమ్మాయే హీరోయిన్. నేను సంబరపడి రాస్తుంటే అవ్వ టీవీ దగ్గరికి వంగింది.

"గా పోరికి మసి పూసిండ్రే. మెడ జూడు. మెడ తెల్లగున్నది."

నిజమే! చెవి కింద రంగు ఆగిపోయింది. అవ్వ మాటను ప్రాజెక్టులో పెట్టాను. మా లెక్చరర్ మేడమ్ క్లాసులో చదివి వినిపిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. ఇంకో వాక్యం కూడా రాశాను: "రంగు బరువు మోసేది ఆడదే. మగవాడు ఎంత నల్లగా ఉన్నా హీరోనే." దాని కింద రెండు గీతలు గీశాను. అంత నమ్మకం నాకు.

అదే నెలలో నా ఫ్రెండ్ లావణ్య మా నలుగురి మీద ఒక రీల్ తీసి పెట్టింది. లావణ్య వాళ్ళది కాకినాడ వైపు. నాన్నగారి ఉద్యోగం వల్ల గుండ్లపోచంపల్లిలో కొత్త కాలనీలో ఉంటారు. ఆ రీల్ కింద ఎవరో రాశారు: "మూడో అమ్మాయి దగ్గర కరెంటు పోయిందా?" మూడో అమ్మాయిని నేను. దాని కింద అందరూ నవ్వుతున్న బొమ్మలు పెట్టారు, నేనూ అదే పెట్టాను. ఇంటికొచ్చి ఆ రీల్ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

ఫొటోలకైతే ఫోన్లో ఫిల్టర్ ఉంది. అంతకు ముందు జూన్‌లో ఫాదర్స్ డే నాడు నాయినతో దిగిన ఫొటోకు ఫిల్టర్ వేసి స్టేటస్ పెట్టాను. ఇద్దరం మైదాపిండిలో దొర్లినట్టు వచ్చాం. నాయిన ఆ ఫొటోను చాలాసేపు చూసి, "నేనేనా బిడ్డా?" అని నవ్వాడు. కానీ ఫిల్టర్ ముఖానికి అంటుకోదు కదా. మరుసటి వారం కనుబొమలు తీయించుకోవడానికి లావణ్యతో పాటు పార్లర్‌కు వెళ్ళాను. పార్లర్ అక్క నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి, అరలోంచి డబ్బా తీసింది.

"మూడు వారాలు పెట్టు. నిన్నెవ్వరు గుర్తువట్టరు."

డబ్బా మీద పేరు లేదు. తయారీ తేదీ లేదు, కాగితం లేదు. మా ఇంట్లో మొప్ప ఎత్తి చూడకుండా చేపను ముట్టుకోం. ప్రకటనల మీద ప్రాజెక్టు రాస్తున్న నేను, మొప్పలు చూడటం నేర్చుకుని పెరిగిన నేను, ఆ డబ్బాను ఏమీ అడగకుండా సంచిలో వేసుకున్నాను. రోజూ స్నానం అయ్యాక రాసుకునేదాన్ని. రాసుకుని, చెయ్యి తుడుచుకుని, మళ్ళీ ప్రాజెక్టు రాసేదాన్ని.

బతుకమ్మ రోజులు

పార్లర్ అక్క మాట తప్పలేదు. బతుకమ్మ నాటికి నా ముఖం రంగు మారింది. అంతకన్నా వింత, ముఖం నిండింది. చిన్నప్పటి నుంచి నన్ను "పుల్ల" అనే పిలిచేవారు. ఇప్పుడు బుగ్గలు వచ్చాయి. చీర కట్టుకుని బతుకమ్మ ఎత్తుకుని వెళ్తే వాడ ఆడవాళ్ళంతా నా చుట్టూ మూగారు.

"ఏందే లచ్చమ్మా, నీ బిడ్డకేం బెడుతున్నవ్? మస్తు ఒళ్ళు జేసింది!"

"మొఖంల కళ జూడు, లైటు పెట్టినట్టు!"

అమ్మ దిష్టి తీసింది. కాలేజీలో లావణ్య నా బుగ్గ గిల్లి, "ఏంటే రజితా, గ్లో వచ్చేసింది! ఆ డబ్బా నేనూ కొంటానుండు" అంది. జీవితంలో మొదటిసారి అద్దం దగ్గర ఆగి నిలబడ్డాను. పొద్దున్నే కళ్ళు పూరీల్లా ఉబ్బి ఉంటున్నాయి. నిద్ర ఎక్కువైందేమో అనుకున్నాను. చెప్పుల పట్టీ సాయంత్రానికి పాదం మీద గీత దింపుతోంది. గాజులు చేతికి ఇరుక్కుంటున్నాయి. బాత్రూంకు వెళ్తే మూత్రంలో సబ్బు వేసినట్టు నురగ. ఇవన్నీ తెలుస్తున్నాయి. కానీ అందరూ మెచ్చుకుంటుంటే ఒంట్లో తేడా ఉందని ఎవరికి అనిపిస్తుంది? నాకు అనిపించలేదు.

సద్దుల బతుకమ్మ మర్నాడు గడప మీద కూర్చుని కాళ్ళు చాపాను. అవ్వ చేపల గంప కడిగి పక్కన కూర్చుంది. నా కాలి మీద చెయ్యి వేసింది, మామూలుగా. తర్వాత బొటనవేలితో నొక్కింది. తీసింది.

గుంట పడింది. పడి, అలాగే ఉంది.

మళ్ళీ నొక్కింది, ఇంకోచోట. ఇంకో గుంట.

మీకు చెప్పాలి. చేప తాజాదా కాదా చూడటానికి అవ్వ ఒకటే పని చేస్తుంది. బొటనవేలితో ఒంటి మీద నొక్కుతుంది. కండ తిరిగి లేస్తే తాజా. గుంట నిలిచిపోతే ఆ చేపను గంపలోంచి తీసేస్తుంది. యాభై ఏళ్ళుగా ఆమె వేలికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

అవ్వ ముఖం తెల్లబోయింది.

"యాదగిరీ!" అని నాయినను కేకేసింది. "జల్దీ రా బిడ్డా! పిల్ల ఒళ్ళు జెయ్యలే. పిల్ల పాడైతాంది."

అమ్మ కోపంగా వంటింట్లోంచి వచ్చింది. "పండుగ పూట గదేం మాట అత్తా? జర కండ పట్టిందో లేదో, నీ కండ్లల్ల వడ్డది!"

"కండైతే లేస్తది లచ్చమ్మా. నొక్కి జూడు నువ్వు. నొక్కు."

అమ్మ నొక్కింది. గుంటను చూస్తూ అలాగే కూర్చుండిపోయింది. వాడంతా మెచ్చుకున్నది కండను కాదు, నీళ్ళను.

నవంబర్

మేడ్చల్లో రక్తం, మూత్రం పరీక్షలు అయ్యాక పెద్దాసుపత్రికి వెళ్ళమన్నారు. కిడ్నీ డాక్టర్ దగ్గర వెయిటింగ్ హాల్లో కుర్చీలన్నీ ఇనుపవి, వరసగా బిగించినవి. ఒకరు లేస్తే వరస మొత్తం ఊగుతుంది. ఎదురుగా టీవీ. దానిలో సబ్బు ప్రకటన, ఒక పిల్ల ముఖం కడుక్కుని తెల్లబడుతోంది. హాల్లో ఎవరి ముఖంలోనూ రక్తం లేదు. అంతా ఆ పిల్లనే చూస్తున్నారు. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

గుమ్మం దగ్గర వాచ్‌మెన్ నా కాళ్ళు చూసి, తను కూర్చున్న స్టూలు తెచ్చి నా ముందు పెట్టాడు. "కాళ్ళు మీద పెట్టు బిడ్డా, గుంజుతయి. నేను నిలవడ్త తియ్యి." మధ్యాహ్నం దాకా నిలబడే ఉన్నాడు. ఆయన పేరు కూడా నేను అడగలేదు.

డాక్టర్ మేడమ్ కాగితాలు చూసింది. "ఏవైనా క్రీములు వాడుతున్నావా అమ్మా?"

"లేదు మేడమ్."

ఎందుకు అబద్ధమాడానో చెప్తాను. పక్కన నాయిన, అమ్మ ఉన్నారు. సంచిలో ప్రాజెక్టు ఫైలు ఉంది. ఆ ఫైల్లో నేను రాసిన మాటలు ఉన్నాయి. తెలియని పిల్ల రాసుకుందంటే అర్థం ఉంది. నాకేమైంది?

మేడమ్ లేచి వచ్చి నా జడ పక్కకు జరిపింది. నా మెడ వైపు చూసింది. అవ్వ టీవీ హీరోయిన్‌ను చూసినట్టు.

చెవి కింద రంగు ఆగిపోయింది.

అప్పుడు చెప్పాను. మర్నాడు డబ్బా తెచ్చి ఇచ్చాను. పరీక్ష ఫలితం రావడానికి రోజులు పట్టింది. దాంట్లో పాదరసం ఉంది. "థర్మామీటర్లో ఉంటుందే, అదే" అంది మేడమ్. చర్మంలోంచి ఇంకి కిడ్నీలకు చేరిందట. నేను అద్దం ముందు నిలబడి మెల్లిగా, వేళ్ళతో గుండ్రంగా, లోపలికి పంపాను.

"ఆపేస్తే చాలామందికి తేరుకుంటాయి. కొందరికి తేరుకోవు. నువ్వు ఎటువైపో ఇప్పుడే చెప్పలేను. ఇంకోటి, ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకోండి. తువ్వాళ్ళకు, దిండ్లకు అంటుకుంటుంది. ఆ క్రీము ఇంకెవరైనా వాడారా?"

ఎవరూ వాడలేదన్నాం.

వీపులోంచి సూదితో కిడ్నీ ముక్క తీశారు. తర్వాత కదలకుండా పడుకోవాలి. ఆ పూటంతా అమ్మ తిట్టింది. నన్ను, పార్లర్‌ను, చదువును. "సదువుకోను పంపితే గిదా నేర్చుకున్నది? నల్లగుంటే నిన్నెవరు దీస్కవోతరని భయమైందే?" తిడుతూనే నా పెదవులు తడి గుడ్డతో తుడుస్తోంది. నాయిన మాత్రం కిటికీ దగ్గర నిలబడి చేతులు నలుపుకుంటూ ఉన్నాడు. నా మీద కోపం అనుకున్నాను.

డిసెంబర్

ఇంట్లోవాళ్ళ రిపోర్టులు వచ్చాయి. అవ్వకు ఏమీ లేదు. అమ్మకు ఏమీ లేదు. నాయిన కాగితం మీద మేడమ్ పెన్ను ఆగింది. నాకు వచ్చిన జబ్బే, మొదటి మెట్టులో.

తువ్వాలు! నేను ముఖం తుడుచుకున్న తువ్వాలుతోనే నాయిన చెరువు నుంచి వచ్చి తుడుచుకునేవాడు. నా నాయినకు నేను విషం పూశాను. ఆ గదిలోనే, మేడమ్ ముందే, నాయిన కాళ్ళ మీద పడి ఏడ్చాను.

"లే బిడ్డా, లే." నాయిన నన్ను లేపలేక తనే కింద కూర్చున్నాడు. "మేడమ్, తువ్వాల గాదు. బిడ్డ తప్పు లేదు. నేనే వూసుకున్న."



"నువ్వా?" అంది అమ్మ. "పెండ్లి నాడు పౌడర్ పెడ్తమంటే లేసి ఉరికినవ్ గదయ్యా! నువ్వు వూసుకునుడేంది?"

నాయిన లాల్చీ జేబులోంచి సున్నం డబ్బీ తీసి బల్ల మీద పెట్టాడు. ఆకు వక్కలోకి సున్నం పెట్టుకునే చిన్న డబ్బీ. లోపల సున్నం లేదు. నా క్రీము ఉంది. దసరా ముందు నుంచి, డబ్బా ఆసుపత్రికి చేరేదాకా, దాంట్లోంచి రోజూ చిటికెడు తీసి ఇందులో దాచుకున్నాడు. ఇంట్లో రాసుకుంటే మేం చూస్తామని తెల్లారి చెరువులోకి వెళ్ళాక, థర్మాకోల్ తెప్ప మీద కూర్చుని, వల వేసి, నీళ్ళలో ముఖం చూసుకుని రాసుకునేవాడు. చెరువు మధ్యలో. ఒక్కడే.

"ఎందుకు నాయినా?" అన్నాను.

"మీ కాలేజిల పట్టా ఇచ్చే దినం, ఇంట్ల మొదలు సదివిన పిల్లల తల్లిదండ్రులను గూడ స్టేజి మీదికి పిలుస్తరంటివి గదా. ఫొటో దీస్తరంటివి." తల ఎత్తకుండా చెప్పాడు. "నువ్వు ఫోన్ల నన్ను తెల్లగ జేసి పెట్టినవ్ గదా బిడ్డా. నీకు గట్లుంటె మంచిగనిపిస్తదేమో అనుకున్న. నీ పక్కన నిలవడితే నీకు నామోషీ గావద్దని."

మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. నేను ఏం చేశానో నాకు గుర్తు లేదు. అమ్మ చెప్తుంది, సున్నం డబ్బీ తీసుకుని గోడకేసి కొట్టబోయానని, మేడమ్ చెయ్యి పట్టుకుని ఆపిందని. "పారేయకు. పరీక్షకు కావాలి" అందట.

ఆ రాత్రి కాదు, ఆ వారం కాదు, చాలా రోజుల తర్వాత ప్రాజెక్టు ఫైలు తెరిచాను. "మగవాడు ఎంత నల్లగా ఉన్నా హీరోనే." కింద రెండు గీతలు. నేను లెక్కపెట్టింది తెర మీది మగవాళ్ళను. మా ఇంట్లో, వల భుజాన వేసుకుని తిరిగే మగవాడిని ఒక్కసారి కూడా అడగలేదు. ఆ వాక్యాన్ని కొట్టేశాను. దాని బదులు ఏం రాయాలో తెలియక ఖాళీ వదిలి, కాలేజీలో మేడమ్‌కు ఇచ్చాను. "ఇది ఎందుకు కొట్టేశావు?" అని అడిగితే మొత్తం చెప్పాను. మా లెక్చరర్ ఆ ఖాళీని అలాగే ఉంచమంది.

ఎండాకాలం

ఉప్పు లేని కూర. చేపల పులుసులో ఉప్పు లేకపోతే ఎలా ఉంటుందో నోటితో చెప్పలేను. నాయినా నేనూ ఎదురెదురుగా కూర్చుని, ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ముద్ద మింగేవాళ్ళం. మాత్రలు ఇద్దరికీ ఒకే పెట్టెలో. తప్పు మాత్ర ఇస్తానేమోనని అమ్మ నా వాటికి ఎర్రదారం, నాయినవాటికి వల దారం కట్టింది. ఒకసారి ఉండబట్టలేక నాయిన ఆవకాయ ముక్క దొంగతనంగా నోట్లో పెట్టుకుని అవ్వకు దొరికాడు.

"ఓరి యాదిగా! మొన్న క్రీము దొంగతనం, ఇయ్యాల ఆవకాయ దొంగతనం! ముసలోనివైనా బుద్ధి రాలే!"

అందరం నవ్వాం. క్రీము మాట మీద మా ఇంట్లో నవ్వడం అదే మొదటిసారి.

లావణ్య డబ్బా కొనలేదు. నా సంగతి తెలిసిన రోజే ఇంటికొచ్చింది, వాళ్ళమ్మగారితో కలిసి. తర్వాత పార్లర్‌కు వెళ్ళి గొడవ చేసిందట. పార్లర్ అక్క ఏడ్చి, తను కూడా అదే రాసుకుంటున్నానని చెప్పిందట. ఆమె కూడా పరీక్షకు వెళ్ళింది. పార్లర్‌లో మిగిలిన డబ్బా కూడా డాక్టర్ మేడమ్‌కు చేరింది, దీని గురించి పై అధికారులకు రాస్తానంది.

పరీక్షలు ఇటుక మీద కాళ్ళు పెట్టుకుని రాశాను. ఇన్విజిలేటర్ మొదటి రోజు ఇటుకను అనుమానంగా తిప్పి చూశాడు, రెండో రోజు నుంచి తనే తెచ్చి పెట్టాడు. రంగు వెనక్కి వచ్చేసింది. బుగ్గలు పోయాయి. వాడ ఆడవాళ్ళు "అయ్యో, గుంజుకపోయింది పిల్ల" అంటున్నారు. అవ్వ ఒక్కతే రోజూ పొద్దున్నే బొటనవేలితో నొక్కి, గుంట లేవడానికి ఎంతసేపు పట్టిందో చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయేది. నేను ఆమె ముఖం చూసేదాన్ని. ఆసుపత్రి రిపోర్టు కన్నా ముందు అక్కడే నాకు తెలిసేది.

గత నెల

ఫలితాలు వచ్చాక మత్స్య సంఘం వాళ్ళు చౌరస్తాలో నా ఫ్లెక్సీ పెడతామన్నారు. నాయిన, నేను ఫ్లెక్సీ షాపుకు వెళ్ళాం. సంఘం వాళ్ళు నాయిన వాట్సాప్‌లోంచి తీసుకుని షాపుకు ముందే ఫొటో పంపారు. ఏ ఫొటోనో ఊహించండి. ఫిల్టర్‌దే. కంప్యూటర్ మీద మేమిద్దరం మైదాముద్దల్లా ఉన్నాం.

"కలర్ ఇంకొంచెం పెంచాల్నా అన్నా?" అన్నాడు షాపతను.

నేను నోరు తెరిచేలోపే నాయిన అన్నాడు. "ఇది తీసెయ్ తమ్మీ. ఇప్పుడు ఇక్కడనే ఇంకొక్కటి దియ్యి. ఉన్నదున్నట్టు."

షాపు ముందు ఎండలో నిలబడి దిగాం. నాయిన చొక్కా గుండీ పై దాకా పెట్టుకున్నాడు. నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. నల్లగా, ఎండకు మెరుస్తూ, ఇద్దరం కళ్ళు చిట్లించి ఉన్నాం. ఇప్పుడు శామీర్‌పేట చౌరస్తాలో ఉన్నది అదే. కావాలంటే దారిన వెళ్తూ చూడండి.

ఇది చదివేవాళ్ళలో ఎవరి ఇంట్లోనైనా పేరు లేని డబ్బా ఉంటే, ఆపేయండి. ఎవరు రాసుకుంటున్నారో అడగండి. ఆడపిల్లలనే కాదు, అందరినీ అడగండి.

నా రిపోర్టు మామూలుకు వచ్చింది. నాయినది ఇంకా మామూలుకు రావాలి, మాత్రలు ఉన్నాయి, తగ్గుతోంది. పట్టా ఇచ్చే రోజు పొద్దున ఇద్దరం తయారై గడప దాటబోతుంటే అవ్వ ఆపింది.

"ఆగుండ్రి. కాళ్ళు సాపుండ్రి."

"అవ్వా, బస్సు పోతది!"

"పోనీ. ఇంకోటొస్తది."

కొత్త బట్టలతో గడప మీద కూర్చున్నాం. అవ్వ ముందు నాయిన కాలు నొక్కింది. గుంట పడింది, మెల్లిగా, చాలా మెల్లిగా పైకి లేచింది. అవ్వ తల ఊపింది. తర్వాత నా కాలు. నొక్కి వేలు తీసింది. కండ వేలి వెంటే లేచింది.

అవ్వ ఎప్పుడూ గంప పక్కన నిలబడ్డ గిరాకీతో అనే మాటే అంది.

"ఇప్పుడే నీళ్ళల్లకెల్లి తీసినట్టున్నది. దీస్కవొండ్రి."